తరుగు

ములుగు రోడ్డు మీద అద్దాల షెడ్డు.
లోపట చలి.
సోఫాల కూసోబెట్టి, కాగితపు గిలాసల చాయ పోసి
"అటు పోవద్దు సార్, సేఫ్టీ" అన్నడు సందేశ్ అనే పిలగాడు,
ఇస్త్రీ చొక్కా, మెడల పట్టీకి ఫోటో.
అద్దం అవతల నా సెకండ్ హ్యాండ్ బండి
లిఫ్టు మీద గాలిల నిలబడ్డది.
కడుపు కింద ఎవలో లైటు పట్టుకొని చూస్తాండ్రు.
ఆపరేషన్ గది బయట కూసున్నట్టున్నది నాకు,
లోపటికి పిలిచేది పైసలకే.

పిలిచిండు.
"బ్రేకులు బాలేవు సార్. మీ ఇష్టం.
పిల్లలెక్కే బండి కదా."
పిల్లల పేరు తీసినంక ఎవలు వద్దంటరు?
ఆ మాట సుత ఒక సామానే,
దాని ధర బిల్లుల వేరే రాయరు.

పదకొండు వేల మూడు వందల అరవై.
ఇంగ్లీషుల ఇరవై రెండు వరుసలు.
నేను ఎనుమాముల మార్కెట్ల ధడువాయిని.
ముల్లు కాంటాల కాలం నుంచి
వెంట్రుకంత వంగినా పట్టే కన్ను నాది,
ఆ కాగితం ముందట గుడ్డిదయింది.

రాత్రి దేశాయిపేటల, ఇంటి ముందటి స్తంభం లైటు కింద
బానెట్ లేపిన.
కొత్త ఎయిర్ ఫిల్టర్, ఎనిమిది వందల నలభై.
మూత తీసిన్నో లేదో
తుమ్ము. మల్లొక తుమ్ము.
మడత మడతల ఎర్ర దుమ్ము,
రెండేండ్ల యార్డు దుమ్ము,
నడుమ ఇరుక్కొని ఒక మిరపకాయ తొడిమ.
కొత్త ఫిల్టర్‌కు ఇంత ఘాటు ఎక్కడిది?

తెల్లారి పోయిన.
"సిస్టంల మార్చినట్టే చూపిస్తాంది సార్" అని నవ్విండు సందేశ్.
ఫిల్టర్ తీసి ఆయన ముక్కు కాడ దులిపిన.
తుమ్మిండు.
సిస్టం తుమ్మది కద.
ఎనిమిది వందల నలభై వాపస్ ఇచ్చిండ్రు,
మీదికెల్లి నిమ్మకాయ వాసన సీసా ఒకటి, ఫ్రీ.

గంతటితోని లేచి వచ్చుడుండె.
ఆఖరి వరుస మీద వేలు పెట్టిన.
ఇదేంది, కన్జూమబుల్స్?
"అంటే సార్... గుడ్డలు, గ్రీజు, చిల్లర మల్లర."
ఎంత గ్రీజు? ఎన్ని గుడ్డలు?
"అట్ల లెక్కుండదు సార్. పర్సెంటేజ్.
అందరికీ పడుతది."

అందరికీ పడుతది.
ఈ మాట నాకు తెలుసు.
దాని ఊరు తెలుసు, అది ఏ నోట్ల మసలుతదో తెలుసు.
మొన్న ఫిబ్రవరిల గూడూరు దిక్కు తండా కెల్లి
ధరావత్ హచ్యా తెచ్చిండు, పదహారు బస్తాల చపాటా.
తేమున్నది, బస్తాకు రెండు కిలోలు తరుగు అన్న.
"ఎట్ల చూసినవే తేమ?"
చెయ్యి పెట్టి చూసిన.
"ఎండి గలగలంటాంది కదనే..."
అందరికీ పడుతది, జరుగు, ఎనుక లైనున్నది.
శాంపిల్ కని తీసిన దోసెడు కాయ
మల్ల బస్తాల పడలే.
ఆయన సుత నా లెక్కనే నిలబడ్డడు,
తన సామాను కడుపుల ఎవని చెయ్యో ఆడుతుంటె చూసుకుంట.
మా యార్డుల అద్దం లేదు, చలి లేదు,
చాయ సుత లేదు.

సందేశ్ "ఇంకేమన్న డౌటా సార్?" అన్నడు.
ఏం లేదన్న.
బండిల ఆ సీసా ఊగుకుంట వచ్చింది,
ఘాటు మాత్రం పోలే.

సోమవారం. మల్ల హచ్యా.
ఈసారి తొమ్మిదే బస్తాలు.
మొదటిది కాంటా మీద పెట్టిండు, తేమ సంగతి అడుగలే,
అడిగి ఏం ఫాయిదా అన్నట్టు కండువాతోని మొఖం తుడుసుకున్నడు.
అడ్తి సేటు గొంతు సవరించిండు.
"రెండు" నాలుక మీదికి వచ్చింది.

ఒంటి తుమ్ము.

ఇద్దరు నా దిక్కే చూస్తాండ్రు.
కాంటా మీద ఎర్ర అంకెలు
ఇంక నిలవలే.